మెట్ట మీద పుట్టినరోజు

తొంభైల నడుమ నాకు గుమ్మలక్ష్మీపురం అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. మాది విజయనగరం పక్కన పల్లె. కొండలంటే అప్పటిదాకా మా చెరకు తోటల వెనక దూరంగా కనిపించే నీలం గీతే నాకు. చేరిన రోజు మా నాన్న నా ట్రంకుపెట్టె బస్సు మీంచి దించి, చుట్టూ ఒకసారి చూసి, మలేరియా మాత్రలు మానకమ్మా అని చెప్పి, అదే బస్సులో వెనక్కి వెళ్ళిపోయాడు.

ఉండటానికి ఒక పెంకుటిల్లు దొరికింది. అందులో అప్పటికే ఒక నర్సు ఉంటోంది. ఆమెదీ నా వయసే. జాతాపుల పిల్ల, ఆ కొండల్లోనే పుట్టి పెరిగింది. ఊళ్ళో అందరూ ఆమెని నర్సమ్మ అనేవారు. ఆదివారమని లేదు, పండగని లేదు, ఎవరో ఒకరు గుమ్మంలోకి వచ్చి పిలిచేవారు. జడ అల్లుకుంటూ ఉంటే సగం జడతోనే మందుల పెట్టె పట్టుకుని బయల్దేరేది. ఆమె తిరిగొచ్చేసరికి అన్నం వేడిగా ఉంచడం ఎలాగో మొదటి నెలలోనే నేర్చుకున్నాను. గిన్నెని పాత దుప్పటిలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని.

వంటింటికి అవతలి గదిలో టైపిస్టు అక్క ఉండేది. మాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. శ్రీకాకుళం వైపు క్రైస్తవుల కుటుంబం. మండలాఫీసులో పొద్దస్తమానం టైపు కొట్టి వచ్చి, సాయంత్రం కూడా వేళ్ళు ఊరుకోక మా ఇద్దరి తలల్లో పేలు చూసేది. మూడు పొయ్యిలు ఎందుకు, కిరసనాయిలు దండగ అని ఆమే తేల్చేసింది. అలా ముగ్గురం ఒక కుండ కూడు తినేవాళ్ళమయ్యాం.

పుట్టినరోజుల పిచ్చి టైపిస్టు అక్కది. వాళ్ళింట్లో పుట్టినరోజంటే తెల్లారగట్ల ప్రార్థన, కొత్త బట్ట, కేకు. ఆ ఊళ్ళో బేకరీ ఎక్కడిది? కుక్కరు అడుగున వాగులోంచి తెచ్చిన గెడ్డ ఇసక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల గిన్నె పెట్టి ఆమే కేకు వండేది. పిండిలో అనాసపండు ముక్కలు వేసేది. అడుగు ఎప్పుడూ కొంచెం మాడేది. ఆ మాడు కోసం నేనూ నర్సూ పోట్లాడుకునేవాళ్ళం. మొదటి ఏడాది వానాకాలంలో అక్క పుట్టినరోజు అయింది, ఆ తరవాత నాదీ అయింది. నాది ఏ రోజో నాకూ సరిగ్గా తెలీదు. మా అమ్మ తిథి చూసి చెబుతుంది, ఏటా మారుతుంది. అయినా అక్క ఒప్పుకోలేదు, ఉత్తరం రాయించి మరీ తెలుసుకుని కేకు పెట్టింది.

ఆ రోజు కేకు తింటూ, మరి నీదెప్పుడని నర్సుని అడిగింది.

జూలై ఒకటి అంది నర్సు. అదేమిటి, జూలై వెళ్ళిపోయింది కదా, చెప్పలేదేం అని అక్క చిన్నబుచ్చుకుంది. నర్సు నవ్వేసింది. ఆమె బడిలో చేరినప్పుడు మేష్టారు ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఎత్తు చూసి పుట్టిన ఏడు వేసేవారట. తారీఖు మాత్రం అందరికీ ఒకటే. మా క్లాసంతా ఒకే రోజు పుట్టాం, మా పక్క ఊరి పిల్లలూ ఆ రోజే పుట్టారు అని చెప్పింది. అందులో ఆమెకి బాధేమీ లేదు. మా బడిలో పిల్లలదీ అంతేనని నాకూ తెలుసు. కానీ టైపిస్టు అక్క చేతిలో ముక్క అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అయితే నిజంగా ఏ రోజు పుట్టావో నీకు తెలీదా?"

"మా అమ్మకి తెలుసుంటాది. నానెప్పుడూ అడగనేదు."

వాళ్ళమ్మ ప్రతి వారం సంతకి వచ్చేది. చింతపండో, అడ్డాకుల కట్టలో, కాలాన్ని బట్టి సీతాఫలాలో బుట్టలో పెట్టుకుని, తెల్లారేలోగా కొండ దిగి వచ్చేది. సంత అయ్యాక మా ఇంటి అరుగు మీద కూర్చుని, మేం ఇచ్చిన టీ సాసర్లో పోసుకుని తాగి, కూతురి మొహం ఒకసారి తడిమి వెళ్ళిపోయేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. సన్నటి మనిషి. చెవుల నిండా రింగులు. నన్ను టీచరమ్మా అనేది, నా వంట గురించి మాత్రం కూతురితో వాళ్ళ భాషలో ఏదో అనేది. ఇద్దరూ నవ్వేవారు.

తరవాతి సంతకి ఆమె వచ్చి కూర్చోగానే టైపిస్టు అక్క ఆఫీసు మధ్యలో లేచి వచ్చి మరీ అడిగింది. ముసలామె ఏమాత్రం ఆలోచించలేదు.

"కందికొత్తలయిన మర్నాడు. మెట్ట మీద."

కొండ మీద కందులు కాపుకి వచ్చాక, ముందు జాకరమ్మ తల్లికి పెట్టకుండా అక్కడ ఎవరూ కొత్త కందులు నోట పెట్టరు. ఊరి పెద్దలూ పూజారీ కూర్చుని చలికాలంలో ఒక రోజు కడతారు. ఆ రోజు కొత్త కందులు వండి తల్లికి పెట్టి, తామూ తిని, డప్పులు కొడతారు. అవే కందికొత్తలు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు, ఏటా ఆ రోజు కూడా మారుతుంది. తారీఖు లేకుండా పుట్టినరోజేమిటని అక్క గింజుకుంది. మా అమ్మ లెక్కా అంతేగా అన్నాను నేను. సరే, కందికొత్తల మర్నాడే చేద్దాం, ఆ మెట్ట మీదే చేద్దాం అంది అక్క, తనే పండగ కట్టిన పూజారిలా.

అప్పుడు నర్సు, మెట్ట ఇప్పుడు నీళ్ళలో ఉందని చెప్పింది.

వాళ్ళ పాత ఊరు ఒక గెడ్డ పక్కన ఉండేది. ఊరి వెనకే గుట్టలాంటి మెట్ట, మెట్ట మీద వాళ్ళ పోడు చేను. నర్సుకి అయిదారేళ్ళప్పుడు గెడ్డకి అడ్డంగా కట్ట కట్టారు. నీళ్ళు నిలిచి ఊరు మునిగింది. జనాన్ని ఎగువన కాలనీలో పెట్టారు. మెట్ట తల మాత్రం నీళ్ళ పైకి మిగిలింది. చుట్టూ నీళ్ళు, నడుమ నాలుగు చెట్లున్న చిన్న లంక. నర్సు మేనమామ, అంటే ఆ ముసలామె తమ్ముడు, ఆ నీళ్ళలోనే చేపలు పడతాడు. అతనికో దోనె ఉంది. నర్సు ఒకటి రెండుసార్లు మావతో వెళ్ళి దూరం నుంచి చూసింది. వాళ్ళమ్మ మాత్రం ఊరు వదిలిన రోజు నుంచీ ఆ నీళ్ళ వైపే వెళ్ళలేదు.

నువ్వూ రావాలని మేం అడిగితే ముసలామె తల అడ్డంగా ఊపింది. మీరెళ్ళండి, నా తమ్ముడు తీసుకెల్తాడు అంది. ఎందుకని మళ్ళీ అడిగాను. సాసరు కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"నా ఇంటి మీదనించి నాను పడవేసుకుని ఎలాగెల్తానమ్మా?"

ఆ తరవాత మేం ఆ మాట ఎత్తలేదు.

చలికాలం వచ్చింది. కాలనీలో కందికొత్తలకి రోజు కట్టారని మావ కబురు చేశాడు. ముందురోజు పండగకి నర్సు ఒక్కతీ వెళ్ళింది. టైపిస్టు అక్క కేకు పని మీద కూర్చుంది. నేను బడిలో సెలవు అడిగి, గుడ్లు గిలకొట్టాను. మర్నాడు పొద్దున్నే కేకు గిన్నెతో సహా గుడ్డలో కట్టుకుని, మొదటి జీపు మీద వేలాడుతూ మేమిద్దరం కట్ట దగ్గర దిగాం. మంచు ఇంకా విడలేదు. నీళ్ళ మీద తెల్లగా దూది పరిచినట్టు ఉంది, అవతలి గట్టు కనిపించలేదు.

దోనె దగ్గర మావ నిలబడి ఉన్నాడు. నర్సు పండగ చీరలోనే ఉంది. వాళ్ళ పక్కన, బుట్ట ముందు పెట్టుకుని, ముసలామె కూర్చుని ఉంది.

ఆమె తెల్లారి లేచి, బుట్టలో కొత్త కందికాయలూ ఒక మట్టికుండా పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ముందు నడిచి వచ్చేసిందని తరవాత నర్సు చెప్పింది.

దోనె అంటే పెద్ద మానుని తొలిచి చేసింది. అయిదుగురం ఎక్కేసరికి నీళ్ళు అంచుకి జానెడు కిందకి వచ్చాయి. టైపిస్టు అక్కకి నీళ్ళంటే భయం. కేకు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, సన్నగా ఏదో కీర్తన అందుకుంది. మావ మాట్లాడే మనిషి కాదు. తెడ్డు వేస్తుంటే చప్పుడు కూడా వచ్చేది కాదు. కొంత దూరం పోయాక ముసలామె చెయ్యి చాచి తెడ్డు పట్టుకుంది.

"తమ్ముడా, ఇళ్ళ మీంచి పోకు. సుట్టు తిరిగి పోనీ."

నాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. అన్నిచోట్లా ఒకే ఆకుపచ్చ. కానీ వాళ్ళిద్దరికీ తెలుసు. మావ దోనె ముక్కు తిప్పాడు. ఎడమకి కొంత దూరం తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ కుడికి తిప్పి, మళ్ళీ ఒక చోట మలుపు తిప్పి, నడివీధిలోకి అడుగు పెట్టకుండా ఊరి పొలిమేర పట్టుకుని నడిచినట్టు తీసుకెళ్ళాడు. ముసలామె ఒకచోట బుట్టలోంచి గుప్పెడు కందికాయలు తీసి నీళ్ళలో వదిలింది. జాకరమ్మ తల్లి రాయి అక్కడ ఉండేదని నర్సు నా చెవిలో చెప్పింది. కాయలు మునగలేదు. దోనె వెనకాలే కాసేపు తేలుతూ వచ్చాయి.

మేం మెట్ట చేరేసరికి మంచు విడిపోయింది. చిన్న లంక. ఒక పక్క నించి కేకేస్తే రెండో పక్కకి వినిపించేంత. పెద్ద ఇప్పచెట్టు ఒకటి, రెండు మూడు మామిళ్ళు, వాటి మీదకి పాకిన అడ్డతీగలు. కొంగలు మమ్మల్ని చూసి లేచి, మళ్ళీ అక్కడే వాలాయి. ముసలామె చెప్పులు లేని కాళ్ళతో గబగబా పైకి ఎక్కింది. ఇప్పచెట్టు చుట్టూ తిరిగి, నేల మీద కాలితో ఆకులు తోసి, ఒక రాయి చూపించింది. అది వాళ్ళ మంచె పక్కన కొడవళ్ళు నూరుకున్న రాయి. ఇక్కడే అంది కూతురితో. ఏదో దుకాణం చూపించినట్టు అంది.

టైపిస్టు అక్క కేకు విప్పింది. జీపు కుదుపులకి అది మూడు చెక్కలయింది. ఆమె మొహం చూసి మావ, ఎలాగూ కొయ్యాలి కదా అన్నాడు. ఆ పూట అతను మాతో అన్న మొదటి మాట అది. కొవ్వొత్తి వెలిగిస్తే గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. నా కొంగూ అక్క కొంగూ అడ్డం పెట్టి వెలిగించాం. ఊదమంటే నర్సుకి సిగ్గొచ్చింది. అంతమంది పిల్లల్ని భూమ్మీదకి తెచ్చిన మనిషి, కొవ్వొత్తి ముందు తల వంచుకుని కూర్చుంది. అక్క ప్రార్థన చేసింది. ముసలామె కూతురి నుదుట పసుపు రాసి, నెత్తి మీద నాలుగు బియ్యం గింజలు వేసింది. కేకు ముక్క నోట్లో పెట్టుకుని కొంచెంసేపు నమిలి, మెత్తగా ఉంది, పళ్ళు లేనోళ్ళకి మంచిది అని మెచ్చుకుంది. ఆమెకి పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి.

ఆ పైన మూడు రాళ్ళు పేర్చి, కుండలో కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టాం. చుట్టూ కూర్చుని వలుచుకు తింటుంటే టైపిస్టు అక్క, ఇంతకీ పుట్టిన కథ చెప్పమని ముసలామెని అడిగింది. ఏముంది, పుట్టింది అంది ఆమె. అక్క వదల్లేదు. అప్పుడు కాయలు వలుస్తూనే, కాయల మీద నుంచి కళ్ళెత్తకుండా చెప్పింది.

పండగ రాత్రి అందరూ ఆడి అలసిపోయారు. పొద్దున్నే చిలకలు కంది చేను మీద పడతాయని ఆమె ఒక్కతే మెట్ట ఎక్కింది. నెలలు నిండాయని తెలుసు, కానీ ఇంకో వారం ఉందనుకుంది. మొగుడు కట్టెలకి పోయాడు. ఎండ ఎక్కేలోగా నొప్పులొచ్చాయి. కిందికి దిగుదామంటే కాళ్ళు నిలవలేదు. చెట్టు మొదలు పట్టుకుని కూర్చుంది. బిడ్డ బయటపడింది. మంచె నుంచి వెదురు బద్ద విరిచి, దాంతోనే బొడ్డు కోసుకుంది.

అంతవరకు నర్సు కూడా మాలాగే వింటోంది. వెదురు బద్ద మాట దగ్గర వలవడం ఆపేసింది. ఊరూరా తిరిగి, బ్లేడు ఉడకబెట్టాలి, కొత్త దారం వాడాలి అని మంత్రసానులకి చెప్పే మనిషి ఆమె. ఆమె గొంతు ఒక్కసారిగా ఆస్పత్రి గొంతయింది. మాయ ఎప్పుడు పడిందని అడిగింది. చానాసేపు పడలేదంది తల్లి. రక్తం? పోయింది. ఎంత పోయింది? ఆమె ఉడికిన కందుల కుండ వంక చూసి, ఏటి సెప్తాను, ఈ నేలంతా తడిసిపోనాది అంది. తరవాత? తరవాత గ్నాపకం నేదు, కళ్ళు తేలిపోనాయి.

నర్సు ముందుకి జరిగి తల్లి చెయ్యి అందుకుంది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, నాడి చూస్తున్నట్టు పట్టుకుంది. పాతికేళ్ళ కిందటి రక్తస్రావానికి ఇప్పుడు నాడి చూస్తోంది. ఆమె రోగుల దగ్గర అలా కూర్చోవడం నేను ఎన్నోసార్లు చూశాను. పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. ఆ రోజు పెదాలు కదలలేదు.

"మరెవరొచ్చారే అమ్మా? ఎవరు సూసినారు నిన్ను?"

ముసలామె గడ్డం ఎత్తి తమ్ముణ్ణి చూపించింది. మావ దోనె తాడు ముడి ఒకటి విప్పి మళ్ళీ వేసుకుంటున్నాడు. అప్పటికి పెళ్ళి కాని వాడు. పక్క చేలో చిలకల్ని తోలుతున్నాడు. పిల్ల ఏడుపు విని వచ్చి చూస్తే అక్క పడి ఉంది, బిడ్డ ఆకుల్లో ఉంది. తల మీది తువ్వాలు తీసి బిడ్డని చుట్టి, కంది కోతకి తెచ్చుకున్న బుట్టలో పెట్టుకుని, మెట్ట దిగి ఊళ్ళోకి పరిగెత్తాడు. ఆడవాళ్ళని పిలుచుకుని, గెడకర్రకి దుప్పటి కట్టి డోలీ చేసుకుని, మళ్ళీ ఎక్కి, అక్కని దింపాడు. ఆమె లేవడానికి నెల పట్టింది.

నర్సుకి ఇదేదీ తెలీదు. పుట్టినప్పటి నుంచి ఆ మావ కళ్ళ ముందే పెరిగింది. చదువుకోడానికి హాస్టల్‌కి భుజాన ఎక్కించుకుని తీసుకెళ్ళింది ఆయనే. ఒక్కసారి కూడా అనలేదు.

"మావా, ఎప్పుడూ సెప్పనేదేం?"

అతను తాడు ముడి ఇంకోసారి బిగించాడు.

"ఏటి సెప్పడానికుంది? నువ్వు ఏడిసేవు, నాను పరిగెట్టేను."

టైపిస్టు అక్క ముక్కు ఎగబీల్చింది. నర్సు లేచి వెళ్ళి మావ పక్కన కూర్చుంది. ఆయన చేతిలోంచి తాడు తీసుకుని, ఆయన్ని తినే పనైనా చెయ్యమని మాడిన కేకు ముక్క చేతిలో పెట్టింది. మాడంటే ఆమెకి ఎంత ఇష్టమో నాకు తెలుసు కాబట్టి నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మధ్యాహ్నానికి గాలి లేచింది. నీళ్ళ మీద తెల్లగా నురగ కట్టింది. ఇప్పుడు దోనె తీస్తే తిరగబడుతుంది, గాలి పడ్డాక పోదాం అన్నాడు మావ. అక్క మొహం పాలిపోయింది. పొద్దుగూకితే ఎలా అని నాకూ గుబులు పుట్టింది. ముసలామెకి మాత్రం ఏ తొందరా లేదు. ఇప్పచెట్టు కింద కొంగు పరుచుకుని పడుకుంది. చేతులు చాచి, నోరు తెరిచి, సొంత ఇంట్లో పడుకున్నట్టు నిద్రపోయింది. అంతవరకు ఆమె నడుం వాల్చగా నేను చూడలేదు. మా అరుగు మీద కూడా గోడకి ఆనుకునేది కాదు. నర్సు పక్కన కూర్చుని తల్లి మొహం మీద ఈగల్ని తోలింది. అక్కా నేనూ అడ్డాకులు కోసి కట్టలు కట్టాం, ఊరికే కూర్చోలేక. కొండల వెనక్కి పొద్దు దిగే వేళకి గాలి పడింది. తిరిగొచ్చేటప్పుడు కూడా మావ చుట్టే తిప్పి తీసుకొచ్చాడు. ఈసారి ఎవరూ చెప్పలేదు.

ఇది ఒక్క ఏటితో అయిపోతుందనుకున్నాం. మరుసటి ఏడు కందికొత్తలకి కాలనీ వెళ్ళిన నర్సు కంగారుగా కబురు పంపింది. ముసలామె సంతలో, గెడ్డలో, ఇంటింటా మెట్ట మీద నిద్ర గురించి చెప్పినట్టుంది. కాలనీ ఆడవాళ్ళు వచ్చి, నీ కూతురొక్కతే పుట్టిందా అక్కడ, మేం పుట్టనేదా అని అడిగారట. మర్నాడు మేం కట్ట దగ్గర దిగేసరికి గట్టంతా జనం. చేపల వాళ్ళ దోనెలన్నీ వచ్చాయి. ముసలాళ్ళు, చంటిపిల్లల తల్లులు, కోళ్ళు, గుమ్మడికాయలు, డప్పులు. ఎవరికీ పుట్టిన తారీఖు తెలీదు, పుట్టిన చోటు మాత్రం తెలుసు. అక్క తన కేకు గిన్నె చూసుకుని, ఆ జనాన్ని చూసి, దాన్ని ఇసుక రేణువుల్లా చిదిమి అందరి అరచేతుల్లో తలో చిటికెడు ప్రసాదంలా పెట్టింది.

అలా అది ఊరి పుట్టినరోజయిపోయింది. లంక నిండిపోయి, కూర్చోడానికి చోటు లేక, కొందరు దోనెల్లోనే తిన్నారు. ఒక ముసలాయన గట్టు చివర నిలబడి, అదిగో నా ఇల్లు, అదిగో దాని పక్కన పశువుల సాల అని మనవడికి నీళ్ళు చూపించాడు. ఆ పిల్లాడు, అయితే చేపలు మనింట్లోనే ఉన్నాయన్నమాట అన్నాడు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు, కొంచెం ఆగి.

తరవాత టైపిస్టు అక్కకి బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు కుక్కరు మాకే వదిలేసింది. ఆమెలా కేకు నాకు ఎన్నడూ కుదరలేదు. నర్సుకి పెళ్ళయింది, అక్కడే ఒక మేష్టారితో. పిల్ల పుట్టింది, ఆస్పత్రిలో, శుభ్రమైన మంచం మీద. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత బరువు అన్నీ ఆమెకి తెలుసు. రెండువేల మొదట్లో నాకూ మైదానానికి బదిలీ వచ్చింది. అయినా కందికొత్తల రోజు తెలిసిందంటే నర్సు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసేది. కుదిరిన ఏడల్లా వెళ్ళాను. కుదరని ఏడు మా బడిలో పాఠం చెబుతూ, ఈపాటికి దోనె ఎక్కి ఉంటారు అనుకునేదాన్ని.

ముసలామె ఒక వానాకాలంలో పోయింది. జ్వరం వచ్చి, కూతురి చేతుల్లోనే. ఆ ఏడు పుట్టినరోజు మానేద్దామని నర్సు అనుకుంది. మావే ఒప్పుకోలేదట. ఆ సంగతి తెలిసి నేనూ, శ్రీకాకుళం నుంచి అక్కా బస్సులు మారి వెళ్ళాం. అక్కకి జుట్టు నెరిసింది, నీళ్ళ భయం మాత్రం పోలేదు. మేం ముగ్గురం, మావా, నర్సు కూతురూ దోనెలో కూర్చున్నాం. తక్కిన దోనెలు ముందే వెళ్ళిపోయాయి. మెట్ట మీద ముసలామె పేరు చెప్పి కొత్త కందులు ఆకులో పెట్టి, మేం తిన్నాం. నర్సు పొద్దుటి నుంచీ అందరికీ వడ్డించి, చివరికి నేను బలవంతాన కూర్చోబెడితే నా ఆకులోంచే నాలుగు ముద్దలు తింది. చెయ్యి కడుక్కుంటూ, అమ్మ ఉంటే నీ వంటలో ఉప్పు సూసి నవ్వేది అంది. నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు మావ తెడ్డు నాకిచ్చాడు. భుజం నొప్పి, ఇన్నేళ్ళు కూర్చుని వచ్చావు, కొంచెం నువ్వు తొయ్యి అన్నాడు. నేను ఒక పక్కే తోశాను. దోనె ముందుకి పోక ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. రెండో పక్క తోస్తే వెనక్కి తిరిగింది. టైపిస్టు అక్క కీర్తన ఆపి, దేవుడా, దీని చేతికెవరిచ్చారు అంది. నర్సు కూతురు చప్పట్లు కొట్టి ఇంకోసారి తిప్పమంది. నర్సు కడుపు పట్టుకుని నవ్వుతోంది. నేను మళ్ళీ తెడ్డు వేశాను.